ఆలస్యంగా విన్నవాళ్లు

మన హాస్టల్లో ఏ ఫ్లోర్‌కి వెళ్లినా ఆరేసిన బట్టల్లో ఆ నల్ల టీషర్ట్ ఒకటి కనిపిస్తుంది. మధ్యలో ఒక త్రికోణం. ఎడమవైపు నుంచి ఒక తెల్లటి గీత లోపలికి వెళ్తుంది, కుడివైపు నుంచి రంగులై బయటికొస్తుంది. ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదువుకున్న ప్రిజమే. వేసుకునేవాళ్లలో చాలామందికి అది పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ బ్యాండు 1973లో తెచ్చిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ అట్ట అని తెలీదు. తెలియకపోతే పోయిందేమీ లేదు, టీషర్ట్ బాగుంది, చవగ్గా దొరుకుతుంది. ఒక్క సంగతి మాత్రం చెప్తాను. అసలు అట్ట మీద రంగులు లెక్కపెడితే ఏడుండవు, ఆరే ఉంటాయి. బొమ్మ గీసినవాళ్లు ఇండిగోని వదిలేశారు. ఇప్పుడు మీరు కూడా ఎవరి టీషర్ట్ మీదైనా లెక్కపెడతారు, నాకు తెలుసు.

ఈ పాత పాటలు మన దాకా వచ్చే దారులు తమాషాగా ఉంటాయి. 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో సీజన్ చూసినవాళ్లందరి ఫోన్లలోకీ కేట్ బుష్ పాట ఒకటి వచ్చి చేరింది. ఆవిడ ఆ పాట తెచ్చింది 1985లో. ముప్పై ఏడేళ్ల తర్వాత అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 2020లో అమెరికాలో ఒకాయన స్కేట్‌బోర్డు మీద రోడ్డు వెంట పోతూ, సీసా ఎత్తి క్రాన్‌బెర్రీ జ్యూస్ తాగుతూ ఒక చిన్న వీడియో పెట్టాడు. వెనక వినిపించేది ఫ్లీట్‌వుడ్ మ్యాక్ వాళ్ల 1977 నాటి 'డ్రీమ్స్'. అప్పటికే మన దేశంలో టిక్‌టాక్ ఆపేశారు కాబట్టి మనకది చుట్టు తిరిగి ఇన్‌స్టాలో వచ్చింది. 2018లో క్వీన్ బ్యాండు మీద సినిమా వచ్చాక ఫ్రెడ్డీ మెర్క్యురీ మన స్టేటస్‌లలోకి వచ్చాడు. ఆయన పార్సీ కుటుంబంలో పుట్టినవాడని, చిన్నప్పుడు మహారాష్ట్రలోని పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదివాడని తెలిసి ఒక వారం పాటు అందరం గర్వపడ్డాం కూడా.

నేను ఈ పాటల్లో పడి రెండేళ్లవుతోంది. మా రూమ్మేట్‌ది సిద్దిపేట. పొద్దున్నే నేను స్పీకర్ ఆన్ చేయగానే వాడు దుప్పట్లోంచే అంటాడు, "ఏంది బై ఈ లొల్లి, పొద్దుగాల పొద్దుగాల ముసలోళ్ల పాటలు పెడ్తవ్? మీ నాయిన గూడ పుట్టలే గదా అప్పటికి!"

లెక్క ప్రకారం వాడన్నది నిజమే. నేను ఎక్కువగా వినే పాటలు 1964కీ 1973కీ మధ్యవి. మా నాన్న పుట్టింది 1974లో. వాడికి సరైన జవాబు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మన ఈ-మ్యాగజైన్‌కి ఏదైనా రాయమని క్లబ్ వాళ్లు అడిగితే, ఆ జవాబే రాద్దామని కూర్చున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. ఘంటసాల పాటలు నేను వెతుక్కోలేదు. మా ఊరి రామాలయం మైకులో తెల్లవారుజామునే వినిపించేవి, నిద్రలోనే చెవిలో పడ్డాయి. ఇళయరాజా పాటలు మా నాన్న ఈలలోంచి వచ్చాయి. సినిమా పేరు తెలియకముందే బాణీ తెలుసు. అంటే ఆ పాత పాటలన్నీ మనుషులతో కలిసి వచ్చాయి. ఏ పాట వింటే ఎవరు గుర్తొస్తారో కూడా నిర్ణయమైపోయింది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో మన వయసు పిల్లలకి లెడ్ జెప్పెలిన్ కూడా ఇలాగే వస్తుందనుకుంటా. వాళ్ల నాన్న బీరువాలో రికార్డులుంటాయి, తాత కారులో పాట మోగుతుంది. మా వీధిలో మాత్రం ఆ పేరు విన్న మనిషి ఒక్కరు లేరు. "మా రోజుల్లో" అంటూ మొదలుపెట్టి చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇది పాతకాలం మీద బెంగ అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మన ఇళ్లలో ఎవరికీ లేని జ్ఞాపకం మీద బెంగ ఎలా పెట్టుకుంటాం? ఈ పాటలు నాకు పాతవిగా రాలేదు. నిన్న ఎవరో చేసి పంపినట్టే వచ్చాయి.

అసలు నాకు తలుపు తెరిచింది ఈడీసీ ల్యాబ్. నవ్వకండి. సెకండియర్లో క్లిప్పర్ సర్క్యూట్లు చేస్తాం కదా, ఇన్‌పుట్‌లో గుండ్రటి సైన్ వేవ్ ఇస్తే డయోడు దాని తల కోసేస్తుంది, సీఆర్ఓ మీద పైభాగం బల్లలా చదునుగా కనిపిస్తుంది. రికార్డులో గీసి, సంతకం పెట్టించుకొని మర్చిపోతాం. అదే వారం ఫెస్ట్ ప్రాక్టీసు రూమ్‌లో ఒక సీనియర్ అన్న గిటార్ వాయిస్తున్నాడు. కాలి దగ్గర చిన్న ఇనప డబ్బా. మడమతో నొక్కగానే అప్పటిదాకా గంటలా మోగిన తీగ రంపంలా గర్జించింది. ఆ డబ్బా ఒకసారి విప్పి చూపించమన్నాను. లోపల ఒక ఆంప్లిఫయర్ చిప్పు, నాలుగు రెసిస్టర్లు, ఎదురెదురుగా రెండు డయోడ్లు. మన ఎక్స్‌పెరిమెంటే! రెండువైపులా సమానంగా తల కోస్తే బేసి హార్మోనిక్స్ పుడతాయని థియరీలో రాసుకున్నాం. అవి ఇలా వినిపిస్తాయని ఎవరూ చెప్పలేదు.

ఈ గర్జన మొదట ఎవడికి తట్టిందా అని వెతుకుతూ పోయాను. ఇంగ్లండ్‌లో కింక్స్ అని ఒక బ్యాండు. అందులో గిటార్ వాయించే డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్ కోన్‌ని బ్లేడుతో చీరేశాడు. చిరిగిన కాగితం బరబరమని కొట్టుకుంటుంటే వచ్చిన మోతతో 1964లో 'యూ రియల్లీ గాట్ మీ' రికార్డు చేశారు. సరిగ్గా పనిచేస్తున్న సామాను చేతులారా పాడుచేసి కొత్త శబ్దం పుట్టించాడన్నమాట. అప్పటికి అతని వయసు పదిహేడు. మనం ఇంటర్ సెకండియర్లో ఐపీఈకి చదివే వయసు.

అక్కడి నుంచి నాకొక అలవాటైంది. ఏ ఆల్బమ్ విన్నా, అది చేసినప్పుడు వాళ్ల వయసెంతో లెక్కవేస్తాను. లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్ 1968 చివర్లో రికార్డు చేశారు. అప్పటికి గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌కీ, డ్రమ్స్ వాయించే జాన్ బోనమ్‌కీ ఇరవై ఏళ్లు. బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు నలుగురు బ్లాక్ సబ్బాత్ పేరుతో 1969 అక్టోబరులో తమ మొదటి ఆల్బమ్ పాటలు ఒక్క రోజులో వాయించేశారు. ఇద్దరికి ఇరవై, ఇద్దరికి ఇరవై ఒకటి. అంటే మన థర్డియర్, ఫైనలియర్ బ్యాచ్. ఈ రోజు హెవీ మెటల్ అని పిలుస్తున్నదంతా చాలావరకు ఆ రోజు నుంచే లెక్కపెడతారు. మా రూమ్మేట్‌కి నా మొదటి జవాబు ఇదే. ఇవి ముసలోళ్ల పాటలు కావు తమ్ముడూ, మన ఈడువాళ్ల పాటలే. పాడినవాళ్లు తర్వాత ముసలివాళ్లయ్యారు, అంతే.

ఆ ముసలితనం కూడా మనం చూశాం. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో బ్లాక్ సబ్బాత్ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. గాయకుడు ఓజీ ఓస్‌బోర్న్ నిలబడలేక సింహాసనం లాంటి నల్ల కుర్చీలో కూర్చునే పాడాడు. పదిహేడు రోజులకి, జులై 22న పోయాడు. ఆ రాత్రి మా ఫ్లోర్‌లో నలుగురైదుగురం ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఆ క్లిప్పులు చూశాం. మాలో ఎవరికీ ఆయనతో ఏ చుట్టరికమూ లేదు. అయినా ఎవరూ త్వరగా లేచి వెళ్లలేదు.

రెండో జవాబు కొంచెం పొడుగు.

మనం ఆలస్యంగా విన్నాం, ఎక్కడో దూరంగా కూర్చొని విన్నాం, మనవి కాని పాటలు విన్నాం. అందుకే కొంచెం బెరుకుగా ఉంటుంది. ఎవరైనా "మూడు పాటల పేర్లు చెప్పు చూద్దాం" అని నిలదీస్తారేమోనని. కానీ ఆ రాక్ బ్యాండ్ల కథలు చదువుతూ పోతే, వాళ్లూ సరిగ్గా ఇదే పరిస్థితిలో ఉన్న కుర్రాళ్లని తెలిసింది. 1961లో లండన్ దగ్గర డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్లో పద్దెనిమిదేళ్ల మిక్ జాగర్, పదిహేడేళ్ల కీత్ రిచర్డ్స్ ఎదురుపడ్డారు. చిన్నప్పుడు ఒకే బడిలో చదివినవాళ్లే, మధ్యలో దూరమయ్యారు. జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. అమెరికాలో నల్లవాళ్లు పాడిన పాటలు, ఇంగ్లండ్ షాపుల్లో సులువుగా దొరికేవి కావు. ఆ రికార్డుల దగ్గర మొదలైన మాట బ్యాండు దాకా వెళ్లింది. బ్యాండు పేరు కూడా మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాట నుంచే తీసుకున్నారు, రోలింగ్ స్టోన్స్ అని.

రాబర్ట్ జాన్సన్ కథ ఇంకా విచిత్రం. మిసిసిపీ ప్రాంతపు బ్లూస్ గాయకుడు. 1936, 1937లలో టెక్సస్‌లో 29 పాటలు రికార్డు చేశాడు. 1938లో ఇరవై ఏడేళ్లకే చనిపోయాడు. పెద్దగా ఎవరికీ తెలియలేదు. 1961లో కొలంబియా కంపెనీ ఆ పాటల్లో కొన్నిటిని ఒక ఎల్పీగా తెచ్చింది. అది సముద్రం దాటి ఎరిక్ క్లాప్టన్ లాంటి కుర్రాళ్ల చేతికి చేరింది. జాన్సన్ చనిపోయినప్పటికి క్లాప్టన్ ఇంకా పుట్టనే లేదు. 1968లో క్లాప్టన్ వాళ్ల క్రీమ్ బ్యాండు జాన్సన్ పాటని స్టేజి మీద వాయిస్తే, అది ఒక తరం మొత్తానికి గిటార్ పాఠమైంది. చూశారా, మనం 'పాత పాట' అనుకొని వింటున్నదాని లోపల ఇంకో పాత పాట ఉంది. దాన్ని వాయించినవాడు కూడా ఒకప్పుడు మనలాగే ఆలస్యంగా విన్నవాడే.

ఇందులో వాళ్లు చేసిన మంచే కాదు, బాకీలు కూడా ఉన్నాయి. లెడ్ జెప్పెలిన్ 1969 నాటి 'హోల్ లాటా లవ్' పాటలో కొంత భాగం విల్లీ డిక్సన్ రాసిన పాట నుంచి వచ్చిందని ఆయన 1985లో కోర్టుకెక్కాడు. 1987లో రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాట కర్తల్లో ఆయన పేరు కూడా ఉంటుంది. ఎవరి దగ్గర విన్నామో చెప్పడం కూడా వినడంలో భాగమే అని నాకు ఈ కేసు నుంచే అర్థమైంది.

ఇక మా ఇంటికి వస్తాను. నేను అసలు రాద్దామనుకున్నది ఇదే.

మాది రేపల్లె దగ్గర, కృష్ణ కరకట్ట పక్క పల్లెటూరు. మా నాన్న రైస్ మిల్లులో పనిచేస్తాడు. నా చిన్నప్పుడు సాయంత్రాలు రామాలయం భజనలో డోలక్ వాయించేవాడు. చుట్టుపక్కల నాలుగూళ్ల సప్తాహాలకి పిలిచేవాళ్లు. నాకు ఆరేళ్లప్పుడు మిల్లులో మోటారు బెల్టులో చెయ్యి పడింది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు చివరి కణుపులు పోయాయి. పనిలో మళ్లీ చేరాడు గానీ డోలక్ మాత్రం తీసుకోలేదు. భజనలో ఇప్పుడు తాళాలు వేస్తాడు. డోలక్ మా నడింట్లో పాత పంచెలో చుట్టి మేకుకి వేలాడుతూ ఉంటుంది. దాని గురించి ఇంట్లో ఎవరం మాట్లాడం.

బ్లాక్ సబ్బాత్‌లో గిటార్ వాయించే టోనీ అయోమీ గురించి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను. ఆయన పదిహేడేళ్లప్పుడు బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మనం ఫస్టియర్ వర్క్‌షాపులో రేకు కత్తిరించి ట్రే చేస్తామే, అలాంటి రేకుల పనే, పెద్ద యంత్రాల మీద. ఆ ఉద్యోగంలో అదే ఆఖరి రోజు. యంత్రం కింద పడి కుడిచేతి మధ్య వేలు, ఉంగరం వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడి వేళ్లతోనే. ఇక గిటార్ అయిపోయిందనుకున్నాడు. అప్పుడు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక పాత రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టుది. 1928లో తను ఉంటున్న బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్లు పనిచేయకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతో ఆయన యూరప్ మొత్తం చెప్పుకునే గిటారిస్టయ్యాడు. అయోమీకి దారి చూపించింది కూడా, అదిగో, తనకన్నా ముందు తరం పాటే.

దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఇది నాన్నకి చెప్పాలనుకున్నాను. ఒట్టి కథ చెప్పడానికి కాదు. మన ల్యాబ్‌లో త్రీడీ ప్రింటరుంది, మెత్తటి రబ్బరు లాంటి ఫిలమెంటుతో వేలి తొడుగులు చేయొచ్చు. కొలతలు తీసుకోవడానికి వెర్నియర్ కాలిపర్స్ కూడా బ్యాగులో పెట్టుకెళ్లాను. రెండు రోజులు మాట ఎలా ఎత్తాలో తెలియలేదు. మూడో రోజు సాయంత్రం నాన్న అరుగు మీద కూర్చున్నాడు, నాన్నమ్మ పక్కన చిక్కుడుకాయలు గిల్లుతోంది. చెప్పేశాను.

నాన్న అంతా విన్నాడు. "ఏ చెయ్యి?" అన్నాడు.

"కుడి చెయ్యే నాన్నా."

"తర్వాత ఏం చేశాడు?"

"ప్లాస్టిక్ సీసా కరిగించి, వేలి కొసల్లాగా తొడుగులు చేసుకున్నాడు."

"జారదూ?"

"జారింది. పాత తోలు జాకెట్ కోసి చిన్న ముక్కలు అంటించాడు. మామూలు తీగలు గట్టిగా ఉన్నాయని సన్న తీగలు వేసుకున్నాడు. తర్వాత్తర్వాత ఇంకా వదులు చేసుకున్నాడు. అందుకే వాళ్ల పాటల్లో గిటార్ అంత మందంగా, కిందికి మోగుద్ది."

"తోలు పట్టు ఉంటదిలే," అన్నాడు. తన చెయ్యి ఒకసారి తిప్పి చూసుకున్నాడు. నేను బ్యాగులోంచి కాలిపర్స్ తీశాను. నాన్నకి అర్థమైంది. నవ్వాడు.

"గిటారుకి సరిపోద్ది రా. అక్కడ తీగ నొక్కితే చాలు. డోలక్ అట్టా కాదు. తోలుకి చర్మం తగలాలి. వేలు తాకగానే లెగవాలా, ఒక్క క్షణం ఆగాలా అనేది తోలే చెప్పుద్ది. తొడుగేస్తే అది మనకి వినపడదు. తలుపు కొట్టినట్టు ఉంటది."

పద్నాలుగేళ్లలో డోలక్ గురించి నాన్న ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. తొడుగు పెట్టి చూడకుండానే అంత ఖచ్చితంగా ఎలా చెప్పాడో అనుకున్నాను. తర్వాత తట్టింది, పెట్టి చూసే ఉంటాడు. ఏ సైకిల్ ట్యూబు ముక్కతోనో, మేమందరం నిద్రపోయాక. నేను అడగలేదు. కాలిపర్స్ బ్యాగులో పెట్టేశాను.

"సరే, నీ పాటొకటి పెట్టు, విందాం," అన్నాడు.

డ్రమ్స్ వినే మనిషి కాబట్టి గిటార్ పాట కాకుండా లెడ్ జెప్పెలిన్ 1971 నాటి 'వెన్ ద లెవీ బ్రేక్స్' పెట్టాను. మొదట్లో కాసేపు డ్రమ్సే ముందుంటాయి. నాన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. ఒక నిమిషం తర్వాత ఒకటి తీసి, "ఎక్కడో ఖాళీ మండపంలో కొట్టినట్టుంది. పెద్ద గది," అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ డ్రమ్స్ రికార్డు చేసింది స్టూడియోలో కాదు. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రాంజ్ అని ఒక పాత బంగళా, ఒకప్పుడు దిక్కులేనివాళ్లని ఉంచి పని చేయించిన చోటు. దాని నడవాలో, మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, పై అంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీశారు. డ్రమ్ముతో పాటు ఆ మెట్ల దారిలోని గాలి కూడా రికార్డయింది. రికార్డింగు ఇంజినీర్లు ఆ శబ్దం గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. మా నాన్నకి ఒక్క నిమిషం పట్టింది.

"దేని గురించి రా పాట?" అన్నాడు.

"కట్ట తెగడం గురించి నాన్నా."

చిక్కుడుకాయలు గిల్లుతున్న నాన్నమ్మ చటుక్కున తలెత్తింది. "కట్ట తెగిందా? ఎక్కడ్రా అబ్బాయ్?"

ఆవిడ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు ఉప్పెన రాత్రి గురించి ఆవిడ ఎక్కువగా చెప్పదు, మేం అడగం. ఇక 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఊరి మగవాళ్లంతా రాత్రంతా కరకట్ట మీదే ఉన్నారు, ఇసుక బస్తాలు మోస్తూ, ఎక్కడ ఊట పడుతుందో టార్చిలైట్లు వేసి చూస్తూ. మా ఇంట్లో ఆ మాట ఊరికే అనే మాట కాదు.

"ఇక్కడ కాదు నాన్నమ్మా. అమెరికాలో. 1927లో."

"ఓ," అంది. మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. రెండు కాయలు గిల్లాక, "చానామంది పోయారా?" అని అడిగింది.

అప్పుడు ఇద్దరికీ కలిపి చెప్పాను. మిసిసిపీ నది కట్టలు తెంచుకుంది, లక్షలమంది ఇళ్లు వదిలి గుడారాల్లో పడ్డారు, వాళ్లలో ఎక్కువమంది పత్తి చేలల్లో పనిచేసే నల్లవాళ్లు. రెండేళ్లకి, 1929లో, మెంఫిస్ మిన్నీ అని ఒకావిడ, ఆమె భర్త కాన్సస్ జో మెకాయ్ కలిసి రెండు గిటార్లతో ఆ వరద మీద పాట రికార్డు చేశారు. నలభై ఏళ్లు దాటాక ఇంగ్లండ్ కుర్రాళ్లు అదే పాట ఎత్తుకుని ఇలా వాయించారు, మిన్నీ పేరు కూడా వేశారు. యూట్యూబ్‌లో ఆ మొదటి పాట వెతికి పెట్టాను. దుమ్ము పట్టిన గీరల శబ్దం, దాని వెనక రెండు గిటార్లు. నాన్నమ్మకి భాష తెలీదు. అయినా పాట అయ్యేదాకా చేతులు ఆపి విన్నది. "ఏడవకుండా పాడతన్నాడే," అంది. నేను ఆ పాట కనీసం యాభైసార్లు విన్నాను, ఆ సంగతి గమనించలేదు.

1927లో నీళ్లు. 1929లో మిన్నీ, జో. 1971లో మెట్ల కింద డ్రమ్స్. ఇప్పుడు కరకట్ట పక్కన మా అరుగు. ఈ నాలుగింటి మధ్యా ఎవరూ ఎవరికీ పాట అప్పగించలేదు. ప్రతిసారీ ఎవడో ఒకడు ఆలస్యంగా, అనుకోకుండా విన్నాడు. విని ఊరుకోకుండా ఏదో ఒకటి చేశాడు. ఆలస్యంగా వినడం ఈ సంగీతానికి లోటు కాదు, అది బతికిన పద్ధతే అది. మా రూమ్మేట్‌కి నా రెండో జవాబు ఇదే.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక నాన్న లోపలికెళ్లి పంచె మూట దింపాడు. దుమ్ము దులిపి, తాళ్లు బిగించి, పక్కన తట్టి, మళ్లీ బిగించాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"తొడుగులు నాకెందుకు? నీకు పది వేళ్లూ ఉన్నాయిగా. కూర్చో."

అప్పటి నుంచి సెలవులు అయ్యేదాకా రోజూ ఒక గంట. మొదటి మూడు రోజులు ఎడమచెయ్యి మాత్రమే. "దిమ్మ్ అనాలి, దబ్బ్ అంటోంది" అని నాన్న అరుగు చివర నుంచి చెప్పేవాడు. కళ్లతో చూడకుండానే తెలిసిపోతుంది ఆయనకి. ఆరో రోజుకి కుడి వేళ్లు వాచాయి. ఎనిమిదో రోజు రామాలయంలో భజన చివర ఒక్క పాటకి నన్ను కూర్చోబెట్టారు. నేను వాయించాను, నాన్న పక్కనే తాళాలు వేశాడు. బాగా వాయించానని చెప్పను. రెండుసార్లు లయ తప్పితే తాళాలు కొంచెం గట్టిగా మోగించి దారిలోకి తెచ్చాడు. భజనలో పాడేవాళ్లందరూ అరవై దాటినవాళ్లే. "ఇన్నాళ్లకి మీ అయ్య డోలక్కి ఒక మనిషి దొరికాడు" అన్నాడు అందులో ఒక తాతయ్య. ఆ పాటలు కూడా నేను చిన్నప్పటి నుంచీ వింటున్నవే. కానీ వాయించడానికి కూర్చున్నాక తెలిసింది, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఎక్కడ కావాలని ఆలస్యం చేస్తారో.

మీలో ఈ పాటలు వినేవాళ్లుంటే ఒక్కటే చెప్తాను. పేర్లు తెలియలేదని, తేదీలు తెలియలేదని మొహమాట పడకండి. మొదట చెవికి నచ్చిందే వినండి. నచ్చాక, దాని వెనక ఎవరున్నారో ఒక మెట్టు దిగి చూడండి. అక్కడ ఇంకో పాట ఉంటుంది. ఆ తర్వాత ఏం చేస్తారనేది మీ ఇష్టం. సర్క్యూట్ చేస్తారో, గిటార్ పడతారో, మీ ఇంట్లో మేకుకి వేలాడుతున్నదేదైనా దింపుతారో.

హాస్టల్‌కి వచ్చాక మెస్ బకెట్ బోర్లించి ప్రాక్టీసు చేస్తున్నాను. "గా ముసలోళ్ల పాటలే నయముండె" అంటున్నాడు మా రూమ్మేట్. పోయిన ఆదివారం ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. నాన్న వేళ్ల వాపు తగ్గిందా అని అడిగాడు. తర్వాత, "నాన్నమ్మ ఏదో అడుగుతోంది, ఉండు" అని ఫోన్ ఆవిడకిచ్చాడు.

"ఏరా అబ్బాయ్, ఆ దేశంలో కట్ట మళ్లీ పోశారా?"

వెంటనే చెప్పలేకపోయాను. చూసి చెప్తానని పెట్టేసి, చదివి, మళ్లీ ఫోన్ చేశాను. "పోశారు నాన్నమ్మా. మరుసటేడు, 1928లో, దానికోసం చట్టమే చేశారు. గట్టిగా కట్టారు. నీళ్లు ఎక్కువైతే పక్కకి పోవడానికి దారులు కూడా పెట్టారు."

"అయితే సరేలే," అంది.